పాత మియాటా, కొత్త మియాటా, చేతిలో మూడు వేల డాలర్లు: దేని మీద పెట్టాలి

పోయిన నెల ఒకే వారంలో ఇద్దరు నన్ను ఒకే మాట అడిగారు. ఒకరు ఆఫీసులో మా టీమ్‌లో కొత్తగా చేరిన కర్నూలు తమ్ముడు. 1995 మాజ్డా మియాటా కొన్నాడు, లక్షా నలభై వేల మైళ్ళు తిరిగిన ఎర్ర బండి. రెండో మనిషి డాలస్‌లో ఉండే మా బావమరిది. అతని దగ్గర 2019 మియాటా ఉంది, ఇంకా ముప్పై వేల మైళ్ళు కూడా దాటలేదు. ఇద్దరూ కార్ల మీద పెట్టడానికి తలా మూడు వేల డాలర్లు పక్కన పెట్టుకున్నారు. "అన్నా, టర్బో పెట్టించుకోనా?" అని తమ్ముడు, "బావా, కాయిలోవర్లు వేయించమంటావా?" అని బావమరిది. టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలి ఎక్కువ నెట్టి బలం పెంచేది, కాయిలోవర్లంటే ఎత్తు సర్దుకునే షాకు, స్ప్రింగు జతలు. ఫోన్లో చెప్తుంటే సగం మర్చిపోతున్నాను, అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను. నేను ఆస్టిన్‌లో ఉంటాను. 2000 మోడల్ మియాటాని తొమ్మిదేళ్ళుగా నడుపుతున్నాను. కింద చెప్పేవాటిలో చాలావరకు నా చేత్తో బిగించినవి, కొన్ని బిగించి మళ్ళీ తీసేసినవి.

ఇండియాలో చదివేవాళ్ళకి రెండు మాటలు. మాజ్డా కార్లు మన దగ్గర అమ్మరు, మాజ్డా అనగానే చాలామందికి స్వరాజ్ మాజ్డా స్కూలు బస్సే గుర్తొస్తుంది. మియాటా అంటే ఆ జపాన్ కంపెనీ 1989లో చికాగో ఆటో షోలో బయటపెట్టిన చిన్న స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, టాప్ వెనక్కి మడిచేయొచ్చు, ఇంజిన్ ముందుంటుంది, తిరిగేది వెనక చక్రాలు. అమెరికా బయట చాలా చోట్ల ఎంఎక్స్-5 అంటారు. 2016 ఏప్రిల్‌కల్లా పది లక్షల బళ్ళు తయారయ్యాయి. అమెరికా లెక్కల్లో నాలుగు తరాలు: 1990 నుంచి 97 దాకా ఎన్‌ఏ, 1999 నుంచి 2005 దాకా ఎన్‌బీ, 2006 నుంచి 2015 దాకా ఎన్‌సీ, 2016 నుంచి ఎన్‌డీ. తమ్ముడిది ఎన్‌ఏ, నాది ఎన్‌బీ, బావమరిదిది ఎన్‌డీ.

ఈ మూడింటి బరువూ 1,050 కిలోలకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. మొదటిదానికీ చివరిదానికీ మధ్య ఇరవై నాలుగేళ్ళు గడిచాయి, ఎయిర్‌బ్యాగులు పెరిగాయి, కెమెరాలు వచ్చాయి, అయినా బరువు మాత్రం దాదాపు అక్కడే ఉంది. పక్కింటి క్యామ్రీ 1,500 కిలోల చుట్టూ ఉంటుంది. నేను చెప్పబోయే ప్రతి సలహా ఈ బరువు దగ్గర్నుంచే మొదలవుతుంది. ఏ పార్టు కొనబోయినా, అది నాకేమిస్తుంది అని అడిగే ముందు అది నా కారు దగ్గర్నుంచి ఏం తీసుకుంటుంది అని అడుగుతాను. ఎందుకంటే ఈ కార్లో ఉన్న మంచి అంతా తేలికలోంచి వచ్చిందే, సన్న టైర్లు సరిపోవడం, చిన్న బ్రేకులు సరిపోవడం, స్టీరింగ్ చేతిలో బతికున్నట్టు ఉండటం, అన్నీ.

ముందు అరిగిపోయినవి

ఇది పాత బండి వాళ్ళకి, అంటే తమ్ముడికి. బావమరిది ఈ భాగం వదిలేయొచ్చు.

తమ్ముడూ, నువ్వు కారు బాగాలేదంటున్నావు చూడు, స్టీరింగ్ మెత్తగా ఉంది, గతుకుల్లో వెనక భాగం పక్కకి జరిగినట్టుంది, బ్రేకు పెడల్ లోపలికి పోతోంది అని, అవేవీ మాజ్డా ఇంజినీర్లు అలా చేసి పంపలేదు. ముప్పై ఏళ్ళ రబ్బరు అది. ఎండిపోయిన బుష్‌ల (సస్పెన్షన్ కీళ్ళలో ఉండే రబ్బరు దిమ్మల) మీద కొత్త స్ప్రింగులు, కొత్త షాక్ అబ్జార్బర్లు వేస్తే ఏం మార్పు వచ్చిందో నీకే తెలియదు. నేను ఆ తప్పు చేశాను. బండి కొన్న ఏడాదే సస్పెన్షన్ మొత్తం మార్చి, బుష్‌లు మాత్రం నాలుగేళ్ళ తర్వాత మార్చాను. రెండోసారి వచ్చిన తేడా మొదటిసారి కంటే ఎక్కువ.

బుష్‌ల్లో రెండు దారులున్నాయి: కంపెనీ రబ్బరువి, లేదా పాలీయురెథేన్‌వి. రబ్బరువి పాతవి బయటికి తీసి కొత్తవి దించాలంటే హైడ్రాలిక్ ప్రెస్ కావాలి, రెండు శని ఆదివారాలు పడుతుంది. వేశాక ఇంకో ఇరవై ఏళ్ళు వాటి జోలికి వెళ్ళక్కర్లేదు. పాలీవి చేత్తోనే దిగిపోతాయి, మలుపుల్లో బిగుతుగా ఉంటాయి, కానీ గ్రీజు ఎండగానే కిర్రుమంటాయి, రోడ్డు కంపనం మొత్తం సీట్లోకి తెస్తాయి. వారాంతాల్లో పార్కింగ్ లాట్‌లో శంకువులు పెట్టి జరిపే ఆటోక్రాస్‌కే ఎక్కువ వాడతావంటే పాలీ సరే. ఆఫీసుకి కూడా ఇదే కారంటే రబ్బరువే వేసుకో. రబ్బరు బుష్ వేసేటప్పుడు ఒక్క జాగ్రత్త: చివరి బిగింపు కారు నేల మీద తన బరువుతో నిలబడ్డాకే చేయాలి. జాకీ మీద వేలాడుతున్నప్పుడు బిగిస్తే ఆ రబ్బరు మెలిపడిన స్థితిలోనే ఉండిపోతుంది, త్వరగా చిరుగుతుంది.

రేడియేటర్ పైభాగం ప్లాస్టిక్‌ది, కొత్తగా ఉన్నప్పుడు నల్లగా ఉంటుంది. అది గోధుమ రంగుకి తిరిగిందంటే రోజులు దగ్గర పడ్డాయి. నాది ఆగస్టు మధ్యాహ్నం, నలభై డిగ్రీల ఎండలో, హైవే మీద అంచు వెంబడి చీలింది. ఉష్ణోగ్రత ముల్లు కదిలేసరికే ఆలస్యం, పైగా పాత మియాటాల్లో ఆ ముల్లు మధ్యలోనే కదలకుండా కూర్చునేలా చేశారు, పైకి లేచిందంటే అప్పటికే బాగా వేడెక్కినట్టు. రేడియేటర్, పైపులు, థర్మోస్టాట్ ఒకేసారి మార్చు. టైమింగ్ బెల్టు 60,000 మైళ్ళకోసారి. ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే మార్చలేదనే అనుకో, వాటర్ పంపు కూడా అప్పుడే, ఎందుకంటే దాని దగ్గరికి వెళ్ళడానికి చేసే పని అంతా అదే.

తుప్పు సంగతి. సీట్ల వెనక, టాప్ మడిచే చోట రెండు మూలల్లో వాన నీళ్ళు దిగే గొట్టాలుంటాయి. ఆకులు, దుమ్ము చేరి అవి మూసుకుపోతే నీళ్ళు తలుపుల కింది అంచుల్లోకి చేరి లోపల్నుంచి తినేస్తాయి. వెనక చక్రం ముందు పెయింట్ ఉబ్బి కనిపించేసరికి లోపల ఇనుము మిగిలి ఉండదు. ఏడాదికి రెండుసార్లు సన్న ప్లాస్టిక్ తీగ దించి శుభ్రం చేయి, ఒక చెంబు నీళ్ళు పోసి కింద కారుతున్నాయో లేదో చూడు. ఖర్చు సున్నా. ఏ హార్స్‌పవర్ కంటే కూడా ఇది ముఖ్యం, ఎందుకంటే ఇంజిన్ ఇంకోటి దొరుకుతుంది, తుప్పు పట్టిన బాడీకి మందు లేదు.

బ్రేకు పెడల్ లోపలికి పోవడం గురించి అడిగావు, పెద్ద బ్రేకు కిట్ ధర కూడా చూశానన్నావు. ఆగు. వెనక క్యాలిపర్ (బ్రేకు ప్యాడ్లని నొక్కే భాగం) లోపలి వైపు ఒక బోల్టు ఉంటుంది, అది మూత మాత్రమే. అది తీస్తే లోపల 4 మిల్లీమీటర్ల అలెన్ కీ పట్టే స్క్రూ కనిపిస్తుంది. చక్రం బిగుసుకునేదాకా తిప్పి, తర్వాత మూడో వంతు చుట్టు వెనక్కి వదలాలి. ప్యాడ్లు అరిగేకొద్దీ ఏర్పడే ఖాళీని అది పూడుస్తుంది. ఇన్నేళ్ళలో ఎవరూ దాన్ని ముట్టుకోని బళ్ళు చాలా చూశాను. పెడల్ పైకొస్తుంది, హ్యాండ్ బ్రేకు రెండు మూడు క్లిక్కులు ముందే పట్టుకుంటుంది.

టైర్లు, చక్రాలు

మూడు తరాల వాళ్ళకీ మొదటి నిజమైన మార్పు ఇక్కడే మొదలవ్వాలి. టైరు పక్కన డాట్ అని ఉన్న చోట చివర నాలుగు అంకెలు చూడండి, 2317 అంటే 2017లో 23వ వారం తయారైంది. ఈ కార్లు తక్కువ తిరుగుతాయి కాబట్టి టైరు గాడులు నిండుగా ఉంటాయి కానీ రబ్బరు గట్టిపడిపోతుంది. చూడ్డానికి కొత్త, పట్టు మాత్రం లేదు. ఆరేళ్ళు దాటితే నేను మార్చేస్తాను.

ఎంచుకోవడానికి మూడు రకాలు. అరుగుదల అంకె 500 దగ్గర ఉండే మామూలు అన్ని కాలాల టైర్లు, 300 చుట్టుపక్కల ఉండే వేసవి స్పోర్ట్ టైర్లు, 200 ఉండే ఆటోక్రాస్ టైర్లు. ఈ అంకె తక్కువయ్యే కొద్దీ రబ్బరు మెత్తన, పట్టు ఎక్కువ, ఆయుష్షు తక్కువ. ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) జరిపే ఆటోక్రాస్‌లో వీధి టైర్ల తరగతులకి 200 కనీసం ఉండాలి, అందుకే కంపెనీలన్నీ సరిగ్గా ఆ అంకె దగ్గర పోటీ పడతాయి. నేను మూడూ వాడాను. టెక్సస్‌లో, మంచు లేని ఊళ్ళో, 300 రకమే నా ఓటు. 200 రకం ఒక్కసారి వేసి చూడాలని అందరికీ ఉంటుంది, నాకూ ఉండింది, మలుపులో పట్టు అద్భుతం, కానీ 140 హార్స్‌పవర్ కారుకి అంత పట్టు ఇస్తే వేగం చట్టం దాటేదాకా కారు ఏమీ మాట్లాడదు. ఈ కారు ఆనందం అంతా నలభై మైళ్ళ వేగంలో టైరు కొంచెం జారబోతూ చేతికి కబురు పంపడంలో ఉంది. పైగా వానలో నీళ్ళు నిలిచిన రోడ్డు మీద అవి చాలా ప్రమాదం. తేలిక కారు నీళ్ళ మీద త్వరగా తేలుతుంది, ఆస్టిన్‌లో మే నెల వాన ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకి తెలుసు.

వెడల్పు విషయానికొస్తే, ఎన్‌ఏ, ఎన్‌బీలకి 15 అంగుళాల చక్రం మించొద్దు. 205/50 టైరు 15x7 లేక 15x8 చక్రం మీద హాయిగా కూర్చుంటుంది. 225/45 కూడా 15x8 మీద పడుతుంది కానీ ఫెండర్ అంచు మడవాల్సి రావచ్చు, స్టీరింగ్ బరువెక్కుతుంది. పదిహేడు అంగుళాల చక్రాలు ఫొటోలో బాగుంటాయి, అంతే. చక్రం బరువు స్ప్రింగు కింద ఉండే బరువు, పైగా తిరిగే బరువు. తేలిక బండిలో ఒక్కో మూల రెండు కిలోలు పెరిగినా గతుకులో తెలుస్తుంది. ఎన్‌ఏ, ఎన్‌బీ, ఎన్‌డీలకి నాలుగు బోల్టులు 100 మిల్లీమీటర్ల వలయం, ఎన్‌సీకి మాత్రం ఐదు బోల్టులు, 114.3. సెకండ్ హ్యాండ్ చక్రాలు కొనేటప్పుడు ఇది చూసుకోండి.

కొత్త టైర్లతో పాటు అలైన్‌మెంట్ తప్పనిసరి. ఎన్‌ఏ, ఎన్‌బీల్లో నాలుగు మూలలా డబుల్ విష్‌బోన్ (ప్రతి చక్రాన్నీ పైనా కిందా రెండు చేతులు పట్టుకునే అమరిక) కాబట్టి ముందూ వెనకా క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో ఒరిగే కోణం), టో (చక్రం ముందు భాగం లోపలికో బయటికో తిరిగి ఉండటం) రెండూ సర్దొచ్చు, ఇంత చవక కారులో అది చిన్న వరం కాదు. వీధి వాడకానికి ముందు ఒక డిగ్రీ నెగటివ్ క్యాంబర్, వెనక డిగ్రీన్నర, ముందు టో దాదాపు సున్నా, వెనక కొద్దిగా లోపలికి. చేసేటప్పుడు డ్రైవర్ సీట్లో మీ బరువంత ఇసుక సంచులు పెట్టమనండి. 1,050 కిలోల కారుకి ఎనభై కిలోల మనిషి ఒక పక్క కూర్చుంటే కొలత మారుతుంది. నా బండికి మొదటిసారి వెళ్ళిన షాపులో సర్దే బోల్టులు తుప్పుతో బిగుసుకుపోయాయి, ఏమీ సర్దకుండానే డబ్బు తీసుకుని కాగితం చేతిలో పెట్టారు. వెళ్ళే ముందు వారం రోజులు ఆ బోల్టులకి తుప్పు వదిలించే నూనె కొడుతూ ఉండండి, ముందు, తర్వాత కొలతల కాగితం రెండూ అడగండి.

షాక్ అబ్జార్బర్లా, కాయిలోవర్లా

అందరూ డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను.

మొదటి దారి, కంపెనీ తరహా కొత్త షాకులు, పాత స్ప్రింగులే. చవక, మెత్తన, కారు మొదటి రోజు ఎలా ఉందో అలా అవుతుంది. రెండో దారి, మంచి షాకులు, అంటే కోనీ పసుపువి గానీ బిల్‌స్టీన్‌వి గానీ, వాటితో కొద్దిగా గట్టి స్ప్రింగులు. మూడోది కాయిలోవర్లు, ఎత్తు సర్దుకునే మరలతో వచ్చేవి, వాటిలో మళ్ళీ చవకవి, ఖరీదైనవి.

నేను మొదట చవక కాయిలోవర్లు వేశాను. కారు రెండు అంగుళాలు దించాను, చూడ్డానికి ఎంత బాగుందో. లీకీ దగ్గర 335, 336, 337 నంబర్ల రాంచ్ రోడ్లున్నాయి, మాకు మూడు గంటల దూరం, కొండల మధ్య మెలికల రోడ్లు. అక్కడికి తీసుకెళ్ళాను. ప్రతి మలుపు మధ్యలో గతుకు రాగానే కారు ఎగిరి పక్కకి పడేది. కారణం తర్వాత తెలిసింది. ఎన్‌ఏ, ఎన్‌బీల్లో షాకు కిందికి దిగడానికి ఉండే చోటే తక్కువ. రెండు అంగుళాలు దించితే ఆ చోటు దాదాపు అయిపోతుంది, ఇక కారు స్ప్రింగు మీద కాదు, బంప్ స్టాప్ రబ్బరు మీద నడుస్తుంది. గట్టిగా ఉంది కాబట్టి స్పోర్టీగా ఉందనుకుంటాం. నిజానికి టైరు నేలని వదిలేస్తోంది. ఎనిమిది నెలలకి నడుము నొప్పి మొదలైంది, పీకేశాను.

తర్వాత వేసింది రెండో దారి, కోనీ షాకులు, ముప్పాతిక అంగుళం మాత్రమే దించే స్ప్రింగులు, కొత్త బంప్ స్టాపులు. అదే రోడ్డు, అదే వేగం, కారు గతుకు మింగి లైను పట్టుకునే ఉంది. ఏడేళ్ళయింది, ఇంకా అవే.

కాబట్టి నా మాట ఇది. రోడ్డు కారుకి రెండో దారి. డబ్బు తక్కువైతే మొదటి దారి, దానికి సిగ్గుపడక్కర్లేదు, చవక కాయిలోవర్ల కంటే నిజంగా నయం. నెలకోసారైనా శాన్ మార్కోస్‌లో హారిస్ హిల్ లాంటి ట్రాక్‌కి వెళ్తూ, నాలుగు మూలల బరువు తూచి సర్దుకునే ఓపిక ఉన్నవాళ్ళకే మంచి కాయిలోవర్లు, చవకవి ఎవరికీ వద్దు. ఎలా చేసినా ఒక అంగుళం మించి దించకండి.

స్వే బార్ మర్చిపోవద్దు, అంటే ఎడమ కుడి చక్రాలని కలుపుతూ కారు ఒరగకుండా పట్టే కడ్డీ. ముందు బార్ ఒక్కటి మందంది మార్చి, వెనకది కంపెనీదే ఉంచితే మలుపుల్లో ఒరగడం బాగా తగ్గుతుంది, మామూలు ఓపెన్ డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలకీ బలం పంచే గేర్లు) ఉన్న బళ్ళలో లోపలి వెనక చక్రం నేలకి అంటుకుని ఉంటుంది కాబట్టి మలుపు బయటకొచ్చేటప్పుడు ఊరికే తిరగదు. రేసింగ్ బీట్ వాళ్ళ బోలు గొట్టం బార్ నేను వాడుతున్నాను, గట్టితనం ఇస్తూ బరువు పెంచలేదు. ధరకి తగ్గ ఫలితం చూస్తే టైర్ల తర్వాత దీనికే మార్కులు వేస్తాను.

బ్రేకులు చిన్న మాటలో అయిపోతాయి. మంచి ప్యాడ్లు, కొత్త డాట్ 4 బ్రేకు ఆయిల్, క్యాలిపర్ పిన్నులకి గ్రీజు. వెయ్యి కిలోల కారుకి ఆరు పిస్టన్ల క్యాలిపర్లు అవసరం లేదు, అవి చక్రం దగ్గర బరువు పెంచుతాయి, పెద్ద చక్రాలు కొనిపిస్తాయి.

టర్బో గురించి

తమ్ముడూ, నీ 1.8 ఇంజిన్ 128 హార్స్‌పవర్. నాది 140. బావమరిది రెండు లీటర్లది 181, 7,500 ఆర్‌పీఎం దాకా వెళ్తుంది. నీ కారు ఆ స్థాయికి రావాలంటే టర్బో గానీ సూపర్‌చార్జర్ గానీ కావాలి. ఫిల్టర్ మార్చడం, ఎగ్జాస్ట్ మార్చడం శబ్దం ఇస్తాయి, బలం పెద్దగా ఇవ్వవు.

టర్బో, సూపర్‌చార్జర్ రెండింట్లో ఏది అంటే, బెల్టుతో తిరిగే సూపర్‌చార్జర్ కాలు నొక్కిన వెంటనే స్పందిస్తుంది, పెద్ద ఇంజిన్ పెట్టినట్టు ఉంటుంది, ఈ కారు స్వభావానికి అదే దగ్గర. టర్బోతో డాలరుకి ఎక్కువ హార్స్‌పవర్ వస్తుంది, కానీ బానెట్ కింద వేడి చాలా పెరుగుతుంది. ఎన్‌ఏ, ఎన్‌బీ ఇంజిన్లు అడ్డంగా బిగించే కార్ల కుటుంబం నుంచి వచ్చినవి. నీళ్ళు ఇంజిన్ ముందు వైపు నుంచే లోపలికి వెళ్ళి ముందు వైపు నుంచే బయటకొస్తాయి, అందుకే వెనక ఉన్న నాలుగో సిలిండర్‌కి చల్లదనం తక్కువ. మామూలు ఇంజిన్‌కి ఫర్వాలేదు. టెక్సస్ ఎండలో టర్బో పెడితే మాత్రం నీళ్ళ దారి వెనక వైపుకి మార్చే కిట్, పెద్ద అల్యూమినియం రేడియేటర్ కూడా కావాలి. ఆపైన క్లచ్, ఇంటర్‌కూలర్, ఇంధనం లెక్క చూసే కొత్త కంప్యూటర్, దాన్ని ట్యూన్ చేసే మనిషి. మూడు వేలతో మొదలైనది ఎనిమిది వేల దగ్గర ఆగితే అదృష్టం. కిట్ మాత్రమే మూడు వేలకి కొని మిగతావి తర్వాత చూద్దామనుకుంటే, ఆ తర్వాత వచ్చేలోపే పిస్టన్ కరుగుతుంది.

నిజంగా హార్స్‌పవరే కావాలనిపిస్తే రెండు మంచి దారులు చెప్తాను. ఒకటి, ఈ బండి అమ్మి, ఆ టర్బో డబ్బు కలిపి ఎన్‌డీ కొనుక్కో, 2019 తర్వాతది. రెండోది, పొడుగు మనుషులకి కూడా నచ్చేది, ఎన్‌సీ. అది కొంచెం పెద్ద కారు, కాళ్ళు చాపుకునే చోటుంది, దానిలోకి అదే కుటుంబానికి చెందిన 2.5 లీటర్ల ఇంజిన్ దిగుతుంది, చాలామంది చేశారు, టర్బో తలనొప్పి లేకుండా లాగుడు పెరుగుతుంది.

పొగ పరీక్ష గురించి కూడా అడిగావు. టెక్సస్‌లో 2025 జనవరి నుంచి మామూలు కార్లకి సేఫ్టీ తనిఖీ తీసేశారు, కానీ మా ఆస్టిన్ వైపు ట్రావిస్, విలియమ్సన్ లాంటి కొన్ని కౌంటీల్లో పొగ పరీక్ష ఉంది. అది ఇరవై నాలుగేళ్ళ లోపు బళ్ళకే. నీ 1995కి లేదు. కాలిఫోర్నియాలో అయితే లెక్క వేరు, అక్కడ ఆమోదం నంబర్ లేని టర్బో లాంటి పార్టు బిగిస్తే పరీక్ష పాసవ్వదు.

హార్డ్ టాపా, రోల్ బారా

చాలామంది ఈ రెంటినీ ఒకదానికి ఒకటి ప్రత్యామ్నాయం అనుకుంటారు. కాదు. హార్డ్ టాప్ చలికి, వానకి, దొంగలకి. కారు తిరగబడితే అది మీ తలని కాపాడదు. ఆ పని రోల్ బార్‌ది, సీట్ల వెనక బిగించే వంపు తిరిగిన ఇనుప గొట్టం. ఎన్‌ఏ, ఎన్‌బీల్లో కంపెనీ ఇచ్చిన రక్షణ అద్దం చట్రం తప్ప ఏమీ లేదు. ఈ మధ్య కంపెనీ హార్డ్ టాప్‌ల ధరలు వేల డాలర్లకి పోయాయి. ఆ డబ్బులో సగం కంటే తక్కువకి రోల్ బార్ వస్తుంది. ట్రాక్‌కి వెళ్ళే ఉద్దేశం ఉంటే చర్చే లేదు, చాలా చోట్ల అది లేకపోతే ఎన్‌ఏ, ఎన్‌బీలని లోపలికి రానివ్వరు.

ఇక్కడ ఎత్తు ముఖ్యం. నేను ఐదడుగుల పదకొండు. హెల్మెట్ పెట్టుకుని కూర్చుని, రోల్ బార్ పైనుంచి ముందు అద్దం పై అంచు దాకా ఒక చీపురు కర్ర పెట్టి చూస్తారు, హెల్మెట్ దానికి కనీసం రెండు అంగుళాలు కింద ఉండాలి. మొదటిసారి నా తల కర్రకి తగిలింది. సీటు కవర్ విప్పి అడుగు స్పాంజి కోసి తీసేశాను, అంగుళంన్నర కిందికి దిగాను, దానికి ఖర్చు ఒక కత్తి, ఒక సాయంత్రం. పొడుగువాళ్ళెవరైనా ఖరీదైన రేసు సీటు కొనే ముందు ఇది చేసి చూడండి. ఎన్‌ఏ, ఎన్‌బీల్లో స్టీరింగ్ పైకీ కిందికీ కదలదు కాబట్టి మోకాళ్ళకీ అదే మందు. రోల్ బార్ వేస్తే దానికి గట్టి ప్యాడింగ్ తప్పకుండా చుట్టండి, వెనక నుంచి ఎవరైనా గుద్దినప్పుడు హెల్మెట్ లేని తల ఆ ఇనుప గొట్టానికే తగులుతుంది. దీంట్లో డబ్బు మిగుల్చుకోవద్దు, దయచేసి.

బావమరిది కారు

బావా అని అడిగావు కాబట్టి సూటిగా చెప్తాను. నీ కారుకి కాయిలోవర్లు వద్దు. 2019లో క్లబ్ రకానికి బిల్‌స్టీన్ షాకులు, లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక్క చక్రమే ఊరికే తిరగకుండా ఆపేది) వచ్చాయి, నీ గ్రాండ్ టూరింగ్‌కి ఆ ప్యాకేజీ లేదు, అందుకే మలుపులో బాగా ఒరుగుతోంది. కాయిలోవర్లకి మారినవాళ్ళు తీసేసిన క్లబ్ షాకులు, స్ప్రింగులు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి, కొద్ది వేల మైళ్ళే తిరిగినవి, కొత్త కాయిలోవర్ల ధరలో చిన్న భాగానికే. అవి, ముందు స్వే బార్ ఒకటి, అలైన్‌మెంట్. ఇక్కడికి సగం డబ్బు కూడా అవ్వదు. లిమిటెడ్ స్లిప్ మాత్రం ఇప్పుడు తలపెట్టకు, డిఫరెన్షియల్ విప్పే కూలీయే ఎక్కువ, వీధుల్లో నీకు తెలిసే తేడా తక్కువ. నీ టైర్లు 205/45 ఆర్17, ఫ్యాక్టరీవే ఇంకా ఉన్నాయి కదా, డాట్ అంకె చూడు, ఆరేళ్ళు దాటే ఉంటుంది. మిగతా డబ్బు వాటికి, గేర్‌బాక్స్ ఆయిల్ మార్చడానికి, ఒక రోజు ట్రాక్‌లో పక్కన శిక్షకుడిని కూర్చోబెట్టుకుని నడపడానికి. ఆ ఒక్క రోజులో బ్రేకు ఎక్కడ వదలాలో నేర్చుకున్నాక, మార్చాలనుకున్న పార్టుల జాబితా నాకైతే సగానికి తగ్గింది.

తమ్ముడి లెక్క: రేడియేటర్, పైపులు, టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, బుష్‌లు, ఇవన్నీ తనే చేసుకుంటే పన్నెండు, పదమూడు వందలు. టైర్లకి ఐదారు వందలు. కొత్త షాకులు మిగిలిన దాన్ని బట్టి మొదటి దారో రెండో దారో. పోయిన శనివారం మా గరాజ్‌కి తెచ్చాడు, వెనక క్యాలిపర్ల మూత బోల్టులు విప్పితే లోపల స్క్రూలు రెండూ ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉన్నాయి. అరగంట పని. రోడ్డు చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చి, పెడల్ మీద కాలు అలాగే పెట్టి కాసేపు కూర్చున్నాడు. బుష్‌లు ఆర్డర్ పెట్టాడు, వచ్చే నెల రెండో శనివారం ప్రెస్ ఖాళీగా పెట్టి ఉంచుతానని చెప్పాను.